ఇరవై అంకెల సంఖ్య, ‘ఎందుకంటే’ అనే మాట

పాత్రపూర్ వైపు గానీ బరంపురం చుట్టుపక్కల గానీ తెలుగు బడి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది. ‘తెలుగు పాఠం తెలుగులో చెప్పండి, కాదనం. లెక్కలకు భాషతో పనేముంది? అంకెలు ఎక్కడైనా ఒకటే కదా. ఒకటో తరగతి నుంచే లెక్కలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చెప్పేస్తే పెద్ద బడికి వెళ్లాక పిల్లలు తడబడరు.’ ఈ మాట అనేవాళ్లు తెలుగంటే ఇష్టం లేనివాళ్లు కారు. పిల్లల పరీక్షలు, పై చదువులు, ఉద్యోగాల గురించి నిజంగా ఆలోచిస్తున్నవాళ్లే. అందుకే వారికి ఆవేశంతో కాకుండా లెక్కతోనే జవాబు చెప్పాలి.

అంకెలకు భాష అక్కర్లేదన్నది కొంతవరకు నిజమే. కానీ లెక్క అంటే అంకెలు మాత్రమే కాదు. ‘ఎందుకు అలా వచ్చింది?’ అని మాస్టారు అడిగితే ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టి చివరిదాకా చెప్పగలగడమే లెక్క. ఆ ‘ఎందుకంటే’ ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల నోట ముందుగా ఇంటి భాషలోనే వస్తుంది. దీనికి ఒక్క సంఖ్యను ఉదాహరణగా తీసుకుందాం. అది తెలుగువాళ్లకు చాలాకాలంగా తెలిసిన సంఖ్యే.

18446744073709551615.

మొత్తం ఇరవై అంకెలు. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గడులూ నింపితే వచ్చే మొత్తం ఇది. ఈ సంఖ్యను చెప్పే తెలుగు పద్యం ఒకటి పావులూరి మల్లన పేరుతో ప్రచారంలో ఉంది. మల్లన 11వ శతాబ్దపు కవిగా, నన్నయ కాలానికి దగ్గరివాడిగా ప్రసిద్ధుడు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన ‘గణితసారసంగ్రహం’ అనే గ్రంథాన్ని ఆయన తెలుగు చేశాడు. దాన్నే ‘పావులూరి గణితం’ అంటాం.

పద్యంలో ఇరవై అంకెలు పట్టించడం ఎలా? దానికి పాతవాళ్లకు భూతసంఖ్యల పద్ధతి ఉంది. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడి పేరు ఏది వచ్చినా 1. అగ్నులు మూడు. వేదాలు నాలుగు. మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి శరం అంటే 5. కొండలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, శరీరంలో రంధ్రాలు తొమ్మిది, ఆకాశం శూన్యం. పద్యంలో మొదట వచ్చే మాట ఒకట్ల స్థానం. అక్కడి నుంచి అంకెలు ఎడమవైపుకు నడుస్తాయి. అంటే పద్యం వింటూ రాసేవాడు కుడి చివర 5 వేసి, దాని ఎడమన 1, దాని ఎడమన 6, ఇలా ఒకట్లు, పదులు, వందలు అనుకుంటూ వెనక్కి వెళ్లాలి. స్థానవిలువ పాఠానికి ఇంతకంటే మంచి అభ్యాసం ఏముంటుంది?

ఈ సంఖ్యను మన మాటల్లో చదవచ్చు కూడా. ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు. ఆ పైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు. ఆ పైన తొంభై ఐదు లక్షల యాభై ఒక వేయి ఆరు వందల పదిహేను. వెయ్యి వడ్ల గింజలు సుమారు 25 గ్రాములు తూగుతాయనుకుంటే ఈ గింజల బరువు దాదాపు 46 వేల కోట్ల టన్నులు. మన దేశం ఏడాదికి పండించే బియ్యం ఈమధ్య 13 నుంచి 15 కోట్ల టన్నుల దగ్గర ఉంటోంది. రెండు వేల ఏళ్ల పంట పోసినా ఆ పలక నిండదు.

ఇంతవరకు చెప్పి వదిలేస్తే అది కథ. పిల్లలు ‘అమ్మో’ అంటారు, మరునాటికి మరిచిపోతారు. లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది.

మొదటి ప్రశ్న: అరవై నాలుగు గడులనూ ఒక్కొక్కటిగా కూడకుండా మొత్తం తెలుసుకునే దారి ఉందా? ఉంది. పక్కింటి నుంచి ఒక గింజ అప్పు తెచ్చుకోండి. దాన్ని మొదటి గడిలోని ఒక గింజతో కలిపితే రెండు. రెండో గడిలోనూ రెండే ఉన్నాయి కాబట్టి కలిపితే నాలుగు. మూడో గడిలో నాలుగు, కలిపితే ఎనిమిది. ప్రతి గడి దగ్గరా చేతిలో ఉన్నదీ గడిలో ఉన్నదీ సమానం. అందుకే చేతిలోది రెట్టింపవుతూ పోతుంది. అరవై నాలుగో గడి దాటేసరికి రెండును అరవై నాలుగు సార్లు వేసి హెచ్చించినంత వస్తుంది. ఇప్పుడు అప్పు తెచ్చిన గింజ తిరిగి ఇచ్చేయండి. మిగిలిందే జవాబు. నాలుగో తరగతి పిల్లలు కూడా చింతగింజలతో ఇది చేసి చూపగలరు. చేసి ఊరుకోకుండా ‘ఎందుకంటే ప్రతిసారీ రెండూ సమానం’ అని చెప్పగలిగితే, అది నిరూపణ.

రెండో ప్రశ్న: వెయ్యేళ్లుగా చేతులు మారుతూ వచ్చిన పద్యం కదా, మధ్యలో ఎవరైనా ఒక మాట తప్పు రాసి ఉంటే? దీన్ని పట్టుకోవడానికి తొమ్మిది పరీక్ష ఉంది. ఇరవై అంకెలూ కూడితే 87. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ ఐదూ ఆరు. అంటే ఈ సంఖ్యను 9తో భాగిస్తే శేషం 6 రావాలి. ఇక రెట్టింపు వైపు నుంచి చూద్దాం. 2, 4, 8, 16, 32, 64 ఇలా రెట్టిస్తూ పోతే 9తో భాగించగా వచ్చే శేషాలు 2, 4, 8, 7, 5, 1. ఆ తర్వాత మళ్లీ 2 నుంచి అదే వరుస. ఆరుకొకసారి చక్రం తిరుగుతుంది. అరవై నాలుగులో ఆరు పదిసార్లు పోగా నాలుగు మిగులుతుంది. నాలుగో శేషం 7. అప్పు గింజ ఒకటి తీసేస్తే 6. రెండు దారులూ ఒకే చోటికి వచ్చాయి.

కానీ తొమ్మిది పరీక్షకు ఒక లోపం ఉంది. రెండు అంకెలు చోట్లు మారినా కూడిక మారదు, తప్పు దొరకదు. దానికి పదకొండు పరీక్ష కావాలి. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడితే 62, విడిచినవి కూడితే 25. తేడా 37. అందులో 33 పోతే 4. రెట్టింపు వైపు నుంచి చూస్తే 11తో భాగించిన శేషాలు పదికొకసారి తిరుగుతాయి. అరవై నాలుగులో అరవై పోతే నాలుగు. నాలుగుసార్లు రెట్టిస్తే 16, దాని శేషం 5. ఒకటి తీసేస్తే 4. ఇదీ సరిపోయింది. పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారై ఉంటే ఈ పరీక్ష నెగ్గేది కాదు. పాత పద్యాన్ని ఆరో తరగతి పిల్ల శేషాలతో పరీక్షించింది. పెద్దలు చెప్పారని ఒప్పుకోవడం వేరు, తానే సరిచూసి ఒప్పుకోవడం వేరు. బడి నేర్పాల్సింది రెండోది.

మూడో ప్రశ్న: ఈ సంఖ్యను ఏయే సంఖ్యలు నిశ్శేషంగా భాగిస్తాయి? చివర 5 ఉంది కాబట్టి 5 భాగిస్తుంది. అంకెల మొత్తం 87ను 3 భాగిస్తుంది కాబట్టి ఈ సంఖ్యనూ 3 భాగిస్తుంది, 9 భాగించదు. మిగతా కారణాంకాల కోసం ఇరవై అంకెలతో కుస్తీ పట్టనక్కర్లేదు. చిన్న పలకలు చూస్తే చాలు. రెండు గడుల మొత్తం 3. నాలుగు గడుల మొత్తం 15, అంటే 3×5. ఎనిమిది గడుల మొత్తం 255, అంటే 15×17. పదహారు గడుల మొత్తం 65535, అంటే 255×257. ప్రతిసారీ పాత మొత్తాన్ని, దానికి రెండు ఎక్కువ ఉన్న సంఖ్యతో హెచ్చిస్తున్నాం. ఎందుకంటే ఒక సంఖ్యకు ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ హెచ్చిస్తే, ఆ సంఖ్య వర్గం కంటే ఒకటి తక్కువ వస్తుంది. 16 వర్గం 256, దానికి ఒకటి తక్కువైన 255కు సమానం 15×17. ఇదే దారిలో ముప్పై రెండు గడుల మొత్తం 65535×65537. అది 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. దానికి రెండు ఎక్కువైన 4294967297తో ఇంకొక్కసారి హెచ్చిస్తే మన ఇరవై అంకెల సంఖ్య వచ్చేస్తుంది. ఐదు గుణకారాల్లో పలక పూర్తయింది.

ఇక్కడ కథ యూరప్ వెళుతుంది. 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో తర్వాత వచ్చే 4294967297 కూడా ప్రధాన సంఖ్యేనని, ఆ పైవి కూడా అంతేనని 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ గణితవేత్త ఫెర్మా నమ్మాడు. ఆయన మాట మీద గౌరవంతో చాలాకాలం అలాగే ఉండిపోయింది. 1732లో ఆయిలర్ ఆ సంఖ్యను విడగొట్టాడు: 641×6700417. ఆయన గుడ్డిగా వెతకలేదు. 64తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్యలు తప్ప ఇంకేవీ దాన్ని భాగించలేవని తర్వాత నిరూపించాడు. అలాంటివి వరుసగా 193, 257, 449, 577, 641. ఐదో దానికే తాళం తెరుచుకుంటుంది. 6700417ను 641తో హెచ్చించి చూడడం ఏడో తరగతి పిల్లలకు అయిదు నిమిషాల పని. ఫెర్మా అంతటివాడి ఊహ తప్పని పాత్రపూర్ పిల్ల తన నోటుబుక్కులో చూసుకోగలదు. గణితంలో పెద్దరికం పనిచేయదని ఉపన్యాసం ఇవ్వడం కంటే ఈ ఒక్క గుణకారం గట్టిగా చెబుతుంది.

దీంతో లెక్క తేలింది. మన సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఒక్కొక్కటి ఒక్కసారే వస్తుంది. మరి 1, ఆ సంఖ్య కూడా కలుపుకుని మొత్తం కారణాంకాలు ఎన్ని? ఏడింటిలో ప్రతిదాన్నీ తీసుకోవచ్చు, మానేయొచ్చు. రెండేసి దారులు ఏడుసార్లు, అంటే 128. రెట్టింపుతో మొదలైన సంఖ్య రెట్టింపుతోనే తన కారణాంకాలను లెక్కపెట్టించుకుంది.

ఇదంతా పాతకాలపు వినోదం అనుకోవద్దు. అరవై నాలుగు గడుల్లో ఒక్కోదాంట్లో 0 గానీ 1 గానీ పెట్టి రాయగల అతి పెద్ద సంఖ్య ఇదే. 64 బిట్ అని పేరున్న ఫోన్లు, కంప్యూటర్లు ఒక్క గుక్కలో పట్టుకోగల పూర్ణాంకాలకు ఇదే హద్దు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో ఎక్కువగా వాడే సంఖ్య 65537. పిల్లల చేతిలోని ఫోనులో పద్యంలోని సంఖ్యా ఉంది, దాని కారణాంకమూ ఉంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇది విని ‘అన్నీ మనవాళ్లే ముందు కనిపెట్టారు’ అని జబ్బలు చరుచుకుంటే పాఠం చెడుతుంది. ఈ మొత్తాన్ని సుమారు 1000వ సంవత్సరంలో అల్ బిరూనీ కూడా లెక్కగట్టాడు. మల్లనకు మూలం మహావీరుడు. సంఖ్యను విడగొట్టినది ఆయిలర్. సంఖ్య ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. దాన్ని సరిచూడగలిగినవాళ్లందరిదీ. మనం అడగాల్సింది ఒక్కటే: మన పిల్లలు సరిచూడగలుగుతున్నారా?

ఇప్పుడు మళ్లీ భాష దగ్గరికి వద్దాం. పై మూడు ప్రశ్నల్లో కష్టమైన గుణకారం ఏదీ లేదు. కష్టమంతా ‘ఎందుకంటే’ తర్వాత వచ్చే వాక్యంలో ఉంది. ‘చేతిలో ఉన్నదీ గడిలో ఉన్నదీ సమానం కాబట్టి రెట్టింపవుతుంది’ అనే వాక్యాన్ని పిల్ల తనంత తాను కట్టాలి. ఇంకా సరిగా రాని భాషలో ఆ వాక్యం అడిగితే పిల్ల నోరు మూసుకుంటుంది. మాస్టారు జవాబు బోర్డు మీద రాస్తారు, పిల్ల ఎక్కించుకుంటుంది. మార్కులు రావచ్చు, లెక్క మాత్రం రాదు.

మన ప్రాంతంలో దీనికి మరో మెలిక ఉంది. తెలుగులో భాగహారం అన్నదాన్ని ఒడియాలో ‘హరణ’ అంటారు. సీతాహరణం విన్న తెలుగు పిల్లకు ఆ మాట మొదటిసారి వింటే ఏమనిపిస్తుందో ఊహించండి. మన ప్రధాన సంఖ్య వాళ్లకు ‘మౌళిక సంఖ్య’. మన కారణాంకం వాళ్లకు ‘గుణనీయక’. మన ఎక్కం వాళ్లకు ‘పణికియా’. విషయం తెలిసిన పిల్లకు ఇవి కొత్త పేర్లు మాత్రమే, వారంలో వస్తాయి. విషయం తెలియని పిల్లకు ఇవి రెండింతల బరువు.

అంకెల పేర్లలోనూ తేడా ఉంది. తెలుగులో పదకొండు నుంచి పంతొమ్మిది దాకా కొంత తిరకాసు ఉన్నా, ఇరవై దాటాక దారి సాఫీ. ‘ఇరవై తొమ్మిది’ అంటే చాలు, పదుల్లో ఏముందో ఒకట్లలో ఏముందో పేరే చెబుతుంది. ఒడియాలో 29ని ‘అణతిరిశి’ అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. వంద దాకా చాలా పేర్లు విడివిడిగా నేర్చుకోవాల్సిందే. అలాగని అది తక్కువ భాష కాదు. ‘ఒకటి తక్కువ’ అనే ఆ ఆలోచనే మన ఇరవై అంకెల సంఖ్యకూ ప్రాణం. స్థానవిలువ తెలుగు పేర్లతో ముందు కుదిరితే, అణతిరిశిలోని అందం కూడా ఆ పిల్లకే బాగా తెలుస్తుంది. రెండు భాషల మధ్య బతికే పిల్లలకు ఇది లాభం. కాకపోతే వరుస ముఖ్యం: ముందు ఇంటి భాషలో అర్థం, తర్వాత బడి భాషల్లో పేర్లు.

‘ఉన్న సిలబస్సే పూర్తి కావడం లేదు, దీనికి తీరిక ఎక్కడ?’ అని ఉపాధ్యాయులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తెలుగు తెలిసిన లెక్కల మాస్టారు దొరకడం తేలిక కాదని కూడా ఒప్పుకోవాలి. అందుకే కొత్త పుస్తకం, కొత్త పరీక్ష ఏదీ అడగడం లేదు. మూడు చిన్న పనులు చాలు.

మొదటిది, వారానికి ఒక్క పీరియడు ‘ఎందుకంటే’ పీరియడు. ఆ రోజు కొత్త లెక్క చేయకూడదు. ఆ వారం చేసిన ఒక్క లెక్కనే తీసుకుని, అది ఎందుకు అలా వచ్చిందో పిల్లలు తెలుగులో చెప్పాలి. తప్పు చెబితే పక్కపిల్లలే సరిదిద్దాలి. భాజనీయతా సూత్రాలు, కారణాంకాలు ఎలాగూ సిలబస్సులో ఉన్నవే. పెద్ద సంఖ్య వాటికి ఊతం.

రెండోది, గోడ మీద మూడు భాషల పట్టిక. ప్రధాన సంఖ్య, మౌళిక సంఖ్య, ప్రైమ్ నంబర్. భాగహారం, హరణ, డివిజన్. అన్నీ ఒకే వరుసలో ఉండాలి. నాలుగు, ఐదు తరగతుల నుంచి రోజుకు ఒక్క మాట చాలు. పెద్ద బడికి వెళ్లాక తడబడతారన్న తల్లిదండ్రుల భయానికి అసలైన మందు ఇదే. లెక్కను తెలుగు నుంచి తీసేయడం కాదు.

మూడోది తల్లిదండ్రుల పని. అక్షరం రాని అమ్మయినా, నాన్నయినా చేయగలిగిందే. రాత్రి అన్నాలయ్యాక రెట్టింపు ఆట ఆడండి. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. ఎవరు ఎక్కడిదాకా తప్పు లేకుండా చెబుతారో చూడండి. మధ్యలో ఆపి ‘ఇప్పటిదాకా అన్నీ కలిపితే ఎంత?’ అని అడగండి. పిల్ల జవాబు చెబితే అక్కడితో వదలకండి. ‘ఎలా చెప్పావు?’ అనండి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది. మన తాతలు ఇల్లు కదలలేదు, పాలన భాష మారింది. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా మాతృభాషే బోధనా భాషగా ఉండాలంటోంది. మాతృభాషలో బోధన అంటే తెలుగు వాచకం ఒక్కటే కాదు, లెక్కలు కూడా. ఉపాధ్యాయ పోస్టుల కోసం అర్జీ పెట్టేటప్పుడు తెలుగు పండితుడితో పాటు తెలుగులో లెక్క చెప్పగల మాస్టారిని కూడా అడగాలి. మనమే ‘లెక్కలకు తెలుగు అక్కర్లేదు’ అంటూ పోతే, ఆ మాటనే రేపు ఎవరైనా మనకు తిప్పి చెప్పవచ్చు.

పిల్లలను మల్లన పద్యం బట్టీ పట్టమనడం లేదు. ఆ పద్యంలోని సంఖ్య సరైనదో కాదో తేల్చమంటున్నాం. తేల్చాక ఎలా తేల్చారో అమ్మకు అర్థమయ్యేలా చెప్పమంటున్నాం. అలా చెప్పగల పిల్ల ఏ భాషలో పరీక్ష రాసినా నిలబడుతుంది.